సి షిఫ్టు ఇంట్లో చప్పుడు

ఉక్కునగరంలో మా క్వార్టరు గుమ్మం ముందు నిలబడితే లోపల మనుషులున్నారో లేరో అని అనుమానం వచ్చేది. సి షిఫ్టు చేసే మగవాడున్న ఇల్లంటే అంతే. రాత్రంతా ప్లాంటులో పనిచేసి తెల్లారాక వచ్చినవాడు మధ్యాహ్నం దాకా పడుకోవాలి కదా. అందుకని కాలింగ్ బెల్లు తీగ పీకేస్తాం. కుక్కరు కూస్తుందని గిన్నెలో వండి గంజి వారుస్తాం. మిక్సీ పక్కింటికి మోసుకెళ్ళి పచ్చడి తిప్పుకొస్తాం. ఆ ఇంటాయనకి సి షిఫ్టు పడితే ఆవిడ తన మిక్సీతో మా ఇంటికొస్తుంది. కొత్త కోడళ్ళకి ఇదంతా ఎవరూ చెప్పరు, చూసి నేర్చుకుంటారు.

చిక్కేమిటంటే, షిఫ్టు మారినా ఈ అలవాటు మారదు. మా ఆయన నాకు మేనత్త కొడుకు, బావా అనే పిలుస్తాను. బావ సెలవు రోజున ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నా నేను గుసగుసగానే మాట్లాడేదాన్ని. చర్చిలో పాడితే నా గొంతు మైకు లేకుండా వెనక బెంచీ దాకా వెళ్తుంది. ఇంట్లో మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని నడిచే మనిషిని. పాటలు, కబుర్లు, ఆఖరికి పోట్లాటలు కూడా రిటైరయ్యాక అని పక్కన పెట్టేశాం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

కిందటి వేసవిలో నేను పిలిస్తే బావ పలకడం మానేశాడు. మొదట పొగరనుకున్నాను. తర్వాత భయమేసి చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ఆయన పరీక్ష చేసి, నరం బలహీనపడుతోంది, వంశంలో ఉన్నదే, మిషను పెడితే కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు, ఆ తర్వాత ఏమీ చెప్పలేనన్నాడు. మా మేనత్తకీ ఇలాగే మొదలై పూర్తిగా పోయింది. మేం ఏమంటున్నామోనని మా పెదాలకేసి చూస్తూ బతికింది పాపం.

వచ్చేటప్పుడు కూర్మన్నపాలెం జంక్షన్లో బస్సు దిగాక బావ అన్నాడు, "నీకింకేటే, సుకం. మెల్లగా మాటాడక్కర్నేదు." నన్ను నవ్వించాలని చూశాడు. నాకు దేవుడితో సహా అందరి మీదా కోపం వచ్చింది. సరే, వినబడినన్నాళ్ళూ ఈ మనిషికి వినిపించి తీరతానని అక్కడే, ఆటోల మధ్య నిలబడి అనుకున్నాను.

మర్నాడు బావ డ్యూటీ దిగి వచ్చేసరికి మిక్సీ వేశాను. పక్కింటావిడ కంగారుగా పరిగెత్తుకొచ్చింది.

"ఏటి వొదినా, అన్నయ్యకి షిఫ్టు మారిందేటి?"

"లేదమ్మా, సి షిఫ్టే."

బావ విసుక్కున్నాడు. "నన్ను పడుకోనీవేటే?"

"పడుకుందువుగానిలే. ముందు అట్టు తిను. నాను సెప్పేది ఇను."

నిద్ర చెడగొట్టలేదు. నిద్రకి ముందు కాసేపు నాది, అంతే. పోపు వేస్తూ బజారులో చేపలామెతో పెట్టుకున్న తగువు చెప్పేదాన్ని. ఏమీ జరగని రోజున ఏమీ జరగలేదని చెప్పేదాన్ని. గరిటె పట్టుకుని పాడేదాన్ని. బావ మొదట్లో వీధి తలుపు మూసేవాడు, తర్వాత మానేశాడు. మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్తే కుడిచెవి ఇంచుమించు పోయినట్టేనన్నాడు. ఆ రోజు వంటింట్లో ఏడ్చాను, గట్టిగానే ఏడ్చాను. ఎవరి దగ్గర దాచాలి కనుక?

మొన్న బావ డ్యూటీ నించి వచ్చి, ముందు గదిలో కుర్చీ తెచ్చి పొయ్యి పక్కన వేసుకున్నాడు. ఎడమచెవి నా వైపు పెట్టి కళ్ళు మూసుకున్నాడు. పాడుతూ పాడుతూ చూశాను. తల ఒరిగిపోయింది. పాపం అలిసిపోయాడు, పోనీలే అని ఆపేశాను.

కళ్ళు తెరవకుండానే అడిగాడు, "ఏటే, ఆపీసినావు?"

"నిద్దరొత్తందేమోనని."

"నిద్దరకి సెవుల్తో పనేటే? నిద్దరెప్పుడైనా పోతాను. నువ్వు పాడు."

మొదటి చరణం నించి మళ్ళీ ఎత్తుకున్నాను.