ఫోటోలో మొవ్వ అమ్మాయి

బందరు బస్టాండు దగ్గర నెట్ సెంటర్లో ఆ ఫోటో తెర మీదికి రావడానికి చాలాసేపు పట్టింది. ముందు పాపిట, తర్వాత కళ్లు, ఆఖరికి చిరునవ్వు. కింద "మా విద్యార్థిని, బ్యాంకు ఉద్యోగానికి ఎంపిక" అని ఉంది. దాని కింద పేరు, పేరు పక్కన ఊరు: మొవ్వ.

"మన మొవ్వేనంటావా?" అంది అక్క, కుర్చీలోంచి సగం లేచి.

అక్క అంటే వరసకేమీ కాదు. నాగాయలంక నుంచి వచ్చి, చిలకలపూడిలో మా ఇంటి వెనక గదిలో అద్దెకుంటూ బ్యాంకు పరీక్షలకు చదివేది. అప్పటికే రెండుసార్లు తప్పింది. మరుసటి ఏడాదికి వయసు దాటిపోతుంది కాబట్టి ఇదే ఆఖరి అవకాశం. నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండేదాన్ని. నా చదువు కన్నా ఆవిడ చదువు మీదే నాకు ఆసక్తి ఎక్కువ.

చిక్కంతా ఆదివారంతోనే వచ్చింది. అక్క అప్పటికే వెళ్తున్న గుడివాడ మాస్టారి కోచింగు ఆదివారం పొద్దున. హైదరాబాదు కంపెనీ ఒకటి కొత్తగా పెట్టిన ఆన్‌లైన్ మాక్ టెస్టులూ ఆదివారం పొద్దునే. రెంటిలో ఏదో ఒకటే కుదురుతుంది. తప్పుగా ఎంచుకుంటే దిద్దుకోవడానికి మరో పరీక్ష లేదు.

నాకు ఆ కంపెనీ మీద మొదట్నుంచీ గురి కుదర్లేదు. గిల్టు నగల వీధిలో పెరిగినదాన్ని. మెరిసేది ఏది చూసినా రంగు ఎన్నాళ్లుంటుందని అడగడం మాకు పుట్టుకతో వచ్చిన బుద్ధి. ఆ ఫోటోలున్న వాళ్ల సైట్లో ఎవరి అభిప్రాయం చదివినా, కాన్సెప్టులు క్లియర్ అయ్యాయి, కాన్ఫిడెన్స్ పెరిగింది. ఇదే వరస.

"ఇంతమందిలో ఒక్కళ్లయినా 'లెక్కలు నన్ను చావగొట్టాయి' అనొద్దూ?" అన్నాను.

"అందరికీ నీలాంటి నోరుంటుందా?" అంది అక్క. ఆవిడకు నమ్మాలని ఉంది.

మిగతా ఫోటోల కింద భోపాలో నాగపూరో ఉంటే మేం చేసేదేముంది? బస్సెక్కితే వెళ్లొచ్చే మొవ్వ అనేసరికి మాత్రం ఇద్దరికీ కాలు నిలవలేదు. మా వైపు ఒక సంబంధం వస్తే ఆ ఊరికి మనిషిని పంపి, కిళ్లీకొట్టు దగ్గర్నుంచి రైసుమిల్లు దాకా ఆరా తీయిస్తారు. మేమూ అలాగే చేద్దామనుకున్నాం. ఆడపిల్లల గురించి ఎవరెవరో వాకబు చెయ్యడమే గానీ, ఆడపిల్లలే బయల్దేరి ఒక కంపెనీ గురించి వాకబు చెయ్యడం మా వీధిలో అదే మొదలు. "వస్తూ వస్తూ ముహూర్తం కూడా పెట్టించుకురండి" అని మా అమ్మ వేళాకోళమాడింది.

ఆ పేజీ ప్రింటు తీయించి సంచిలో పెట్టుకుని, ఆదివారం మొవ్వ బస్సెక్కాం.

ఆ అమ్మాయి పేరు చెబితే కిళ్లీకొట్టాయన పెదవి విరిచాడు. "ఆ పేరుగల పిల్ల మా ఊళ్లో లేదమ్మా. ఇంటిపేరేంటి? ఎవరి తాలూకు?" సైట్లో ఇంటిపేరు లేదు. టైలరు షాపులోనూ పాలకేంద్రం దగ్గరా అదే మాట. "చెప్పానా? మనిషే లేదు, అంతా కల్పన" అని నేను రెచ్చిపోయాను. అక్క వచ్చి బస్టాపులో నిలబడింది. ఆవిడ మొహం చూశాక నా మాటే నెగ్గిందన్న సంబరం నాకూ మిగల్లేదు.

బస్సు కోసం కూర్చున్న ముసలావిడ ఒకామె మా గొడవంతా విని చెయ్యి చాపింది. "ఏదీ, ఆ కాయితం ఇలా తే." చూసి పకపకా నవ్వింది. "ఇది మా వీధి పిల్లేగా! బళ్లో పేరు చెబితే మాకేం తెలుస్తుంది? మేం పిలిచే పేరు వేరే. బొమ్మ సంచిలో పెట్టుకుని పేరడుగుతూ తిరుగుతున్నారా?"

పెళ్లి వాకబుల్లో పెద్దవాళ్లు పేరూ ఇంటిపేరూ అడగడమే విన్నాం. ఫోటో చూపించాలని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ అమ్మాయి ఇంట్లోనే ఉంది. తలంటుకుని అరుగు మీద జుట్టు ఆరబెట్టుకుంటోంది. ప్రింటు చూసి మాకన్నా తనే ఎక్కువ ఆశ్చర్యపోయింది.

"పెట్టేశారా? ఉద్యోగం వచ్చాక ఫోన్ చేసి ఫోటో అడిగారండీ. పరీక్షకు ముందు వాళ్ల ఫ్రీ టెస్టు ఒకటి రాశాన్లెండి."

"ఒకటేనా?" అన్నాను.

"ఒకటే. అయినా అబద్ధమేం కాదుగా, రాశానుగా."

"మరి ఫోటో పక్కన ఈ అభిప్రాయం?"

"అది నేను రాయలేదు. బాగానే ఉందే!"

నేను అక్క వైపు తిరిగి కనుబొమలు ఎగరేస్తుండగానే ఆ అమ్మాయి, "గుడివాడ మాస్టారి బోర్డు మీద కూడా ఉన్నాను, చూళ్లేదా? అక్కడికి కొన్నాళ్లు వెళ్లి మానేశాను" అంది. అక్క ప్రతి ఆదివారం ఆ బోర్డు కింద నుంచే లోపలికి వెళ్తోంది. తపాలా బిళ్లలంత మొహాలు కావడంతో ఎప్పుడూ పట్టి చూడలేదు.

అక్క ప్రింటు మడిచి సంచిలో పెట్టేసింది. తర్వాత, "మరి మీకెలా వచ్చిందండీ?" అని అడిగింది.

ఆ అమ్మాయి జుట్టు దులుపుకుంటూ ఆలోచించింది. "మూడుసార్లు తప్పానండీ. రాని లెక్కను పట్టుకుని వేలాడేదాన్ని. వదిలెయ్యడం నేర్చుకున్నాక వచ్చింది. ఈ మాట నన్నెవరూ అడగలేదు, ఫోటో ఒక్కటే అడిగారు."

తిరుగు బస్సులో అక్క, "నాదీ అదే జబ్బే" అంది.

ఆవిడ గుడివాడ మానేసింది. కంపెనీలోనూ చేరలేదు. ఊరికే వచ్చేదాన్ని కాదనడమెందుకని మా ఇంటి ఫోన్ నంబరిచ్చి, వాళ్ల ఫ్రీ టెస్టు మాత్రం ఒకటి రాసింది. ఆదివారాలు పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని కూర్చుంటే, నేను గోడ గడియారం చూస్తూ "వదిలెయ్, వదిలెయ్" అని అరిచేదాన్ని. "నా ప్రాణానికి దాపురించావే" అని తిడుతూనే వదిలేది. ఆ ఏడాది విజయవాడలో పరీక్ష రాసి మొదటిసారి నవ్వుతూ వచ్చింది.

ఫలితాల్లో ఆవిడ నంబరు లేదు. ఆవిడ ఏడవలేదు, నేనే ఏడ్చాను. అంత బాగా చదివిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ వారంలోనే కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. అక్కకు రిసీవరిచ్చి నేనూ పక్కన చెవి ఆనించాను. సెలెక్టయితే ఒక ఫోటో పంపమని అడుగుతున్నాడు ఎవరో అబ్బాయి, ఎంతో మర్యాదగా.

"నాకు రాలేదండీ" అంది అక్క.

"ఉంటానండీ" అని పెట్టెయ్యబోయాడు ఆ అబ్బాయి.

"ఏవండీ, రానివాళ్ల ఫోటోలు ఎక్కడ పెడతారు?"

ఫోన్ పెట్టేశాడు. అక్క రిసీవరు చెవి దగ్గరే ఉంచుకుని ఇంకాసేపు నిలబడింది. ఎత్తిపొడుపేం కాదు అది. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.