కారం మిల్లులో కుంకుమబొట్టు

ఆ రోజుల్లో చట్టమంటే పోలీసులదే అనుకునేవాణ్ణి. ఎనిమిదో తరగతిలో బడికి దండం పెట్టేసి (బడి కూడా హమ్మయ్య అనుకునే ఉంటుంది) గుంటూరు శివార్లలో కారం మిల్లు మిషన్ తిప్పుకుంటున్న నా దాకా, సముద్రాల అవతలివాళ్ళు రాసుకున్న చట్టం నడిచొస్తుందని ఎవరికి తెలుసు? మన కారంలో ఎవరో రంగు కలుపుతున్నారని ఆ దేశాల్లో గగ్గోలు పుట్టిందట. రంగు లేదని తేలితేగాని సరుకు దిగనివ్వరట. మా ఓనరుగారికి నిద్ర పట్టలేదు, మమ్మల్నీ నిద్ర పోనివ్వలేదు. నేల కడుగు, గోడ తుడువు, గోళ్ళు తీయించుకో! తనిఖీకి వచ్చేవాడు కాదంటే మిల్లు మూతే.

వచ్చినాయన మనవాడే, చీరాల వైపు మనిషి. తెల్లకోటుతో అంతా తిరిగి, తొడిమలు తీసే ఆడవాళ్ళ దగ్గర ఆగిపోయాడు.

"వీళ్ళ నుదుట ఏంటండీ అది?"

"కుంకమండి," అన్నారు ఓనరుగారు.

"అదీ రంగేగా! చెమటకి కారి కాయల్లో పడితే పరీక్షలో తేలుతుంది. అందరూ చెరిపేసుకు రండి."

మేస్త్రి అత్త (కూలీలను తీసుకొచ్చే పెద్దావిడ, నోరూ పెద్దదే) చేతిలో కాయలు విసిరికొట్టి లేచింది. "మొగుడు బతికుండగా బొట్టు చెరుపుకోవాలా? నువ్వూ, నీ చట్టమూనూ! పదండే!"

ఆడవాళ్ళంతా కొంగులు దులుపుకుని లేచారు. వాళ్ళు పోతే సరుకు లేదు, సరుకు లేకపోతే మిల్లు లేదు. ఓనరుగారు దీనంగా నావైపు చూశారు (నా నోటితో ఆయనకు పనిబడింది ఆ ఒక్కసారే).

"చట్టం చట్టమేనండి," అన్నాను తెల్లకోటాయనతో. "ముందు మీది చెరపండి సార్."

ఆయన నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ! చెయ్యి అక్కడిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఇది అమ్మవారి కుంకమయ్యా..." అని నసిగాడు.

"మాది మొగుడి కుంకం బాబూ," అంది అత్త.

ఆయన సంచిలోంచి గుడ్డటోపీ తీసి కనుబొమ్మల దాకా లాక్కున్నాడు. "అందరూ ఇట్టా పెట్టుకోండి. కిందికి కారదు. నాకూ కనపడదు."

సరుకు ఓడెక్కింది. ఆ తర్వాత ఎన్ని తనిఖీలో, ఎన్ని కొత్త రూల్సో! అన్నిటికీ తలూపీ ఊపీ మెడ అరిగిపోయింది. మొన్న వచ్చిన కొత్త తనిఖీ కుర్రాడు, "టోపీ ఏదండీ? వెంట్రుకలు రాలి కారంలో పడవూ?" అని గదమాయించాడు. తల వంచి చూపించాను. నున్నగా మెరుస్తుంటే పాపం, నవ్వాపుకోలేకపోయాడు. వాదిస్తే గెలిచేవాణ్ణే. ఓపికేదీ? నేనూ నవ్వి, టోపీ పెట్టుకున్నాను.