ముందుగది కిరాయి

మా నాయినకు అన్నీ మరుపొచ్చాయి గానీ కిరాయి మాత్రం మరుపు రాలేదు. అదే నా ప్రాణం మీదికొచ్చింది.

బోరబండలో మాది మూడు గదుల ఇల్లు. జీడిమెట్ల ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల్లో ఆయనే కట్టించాడు. పింఛన్ లేదు, ముందుగది కిరాయితోనే మందులొచ్చేవి. మతిమరుపు జబ్బు ముదిరాక, కిరాయి తీసుకున్న సంగతి మరిచిపోయి మళ్లీ మళ్లీ వెళ్లి కిరాయికున్నవాళ్ల తలుపు కొట్టడం మొదలుపెట్టాడు. ఎవరైనా ఎంతకాలం ఓపిక పడతారు? మదీనాగూడలో ఇల్లు చూసుకుని వెళ్లిపోయారు.

అమ్మ అంతకు ముందే పోయింది. నేను హైటెక్ సిటీలో ఓ కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేసేదాన్ని. నాయినను ఒంటరిగా వదిలితే రైలు పట్టాల వైపు నడుస్తాడు. అందుకని చూసుకోవడానికి ఒకామెను పెట్టి, ఖాళీ అయిన ముందుగదే ఆమెకిచ్చాను. కిరాయి పోయింది, జీతం నెత్తిన పడింది. పోనీలే అనుకుంటే, పొద్దున్నే నాయిన ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ఏమ్మా, కిరాయి ఎప్పుడిస్తవ్?"

ఆమె నా మీద లేచింది. "గిదేందమ్మా? ఒక చేత్తోని జీతమిచ్చి ఇంకో చేత్తోని కిరాయి గుంజుతరా? గిట్లయితే నేనుండ."

ఆమె పోతే నా ఉద్యోగమూ పోతుంది. బతిమాలి ఒక వంద నోటు ఆమె చేతిలో పెట్టాను. రోజూ పొద్దున దాన్నే కిరాయంటూ ఆమె నాయినకిచ్చేది, ఆయన బనీను జేబులో దాచేవాడు, సాయంత్రం బట్టలు మార్చేటప్పుడు నేను తీసి మళ్లీ ఆమెకిచ్చేదాన్ని. నెలల తరబడి ఇదే నాటకం. నోటు నలిగి గుడ్డపేలికైంది.

ఒకసారి ఆమె ఊరికి పోతూ ఆ నోటు నాకిచ్చి వెళ్లింది. అంతలో బంద్. బస్సుల్లేవు, ఆమె రాలేదు. తెలంగాణ రావాలని నాకూ ఉంది, జెండా పట్టుకుని తిరిగినదాన్నే. కానీ బంద్ అంటే చాలు, గుండె గుభేలుమనేది. మందులు బంద్ కావు కదా! మా ఆఫీసు పెద్దాయన ఫోన్ చేశాడు. "కారు పంపిస్తానన్నా రానంటే ఎలాగండి? రాని రోజుకి జీతం ఉండదు. ఇంకోసారి ఇలా అయితే వేరేవాళ్లని చూసుకోవాల్సొస్తుందండి."

ఫోన్ పెట్టేసి తల పట్టుకుని కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే వచ్చాడు నాయిన.

"ఏమ్మా, కిరాయి?"

నాకు ఒళ్లు మండిపోయింది. "నేను నీ బిడ్డను నాయినా! కిరాయేంది కిరాయి? నా పానం తీస్తున్నవ్!"

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. తరువాత గొంతు తగ్గించి, ఎంతో మర్యాదగా అన్నాడు.

"గరం గాకమ్మా. నా బిడ్డ ఒక్కతే కష్టపడుతున్నది. నా మందులకు మస్తు పరేషాన్ అయితున్నది. నువ్వు జర కిరాయిస్తే, దాని చేతుల పెడత."

కోపం పోలేదు, ఏడుపు మాత్రం వచ్చింది. పర్సులోంచి ఆ నోటే తీసి ఇచ్చాను. బనీను జేబులో పెట్టుకుని, బిడ్డ ఎప్పుడొస్తుందా అని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు.