మోసపోయే ముఖం

రియాద్‌లో మలాజ్ దగ్గర ఒక భారతీయ పాఠశాలలో నేను ఇంగ్లీషు మాస్టారిని. ఒక ఏడాది వార్షికోత్సవానికి, సుమారు ఐదు వందల ఏళ్ల నాటి ఇటలీ హాస్యనాటకాన్ని కుదించి పదో తరగతి పిల్లల చేత వేయించాను. ఆ కాలపు హాస్యం చాలావరకు ఆటల మీదే నడుస్తుంది. పాచికలు, పేకాట, కళ్లగంతలు, మారువేషాలు. అందరూ ఆడుతుంటారు, ఒక్కడికి మాత్రం అది ఆట అని తెలియదు. జనం నవ్వేది వాణ్ణి చూసే. ఈ సంగతి పిల్లలకు ఎంతో గొప్పగా చెప్పాను.

వర్తకుడి వేషం వేసిన కుర్రాడికి మోసపోయే ఘట్టం ఎంతకీ కుదరలేదు.

"ముందే తెలిసిపోయినట్టు ఉంటోంది సార్ నా మొహం," అన్నాడు.

"నిజంగా నమ్మినవాడి మొహం ఎలా ఉంటుందో చూపిస్తా, ఉండండి," అన్నాను.

మా అటెండరు కడప వైపు మనిషి, యాభై దాటినవాడు. నాటకానికి అట్టలతో పెద్ద పాచికలు చేసింది ఆయనే. రెండేళ్లుగా ఆయనకు సెలవు దొరకలేదు. కూతురికి పుట్టిన పాపను ఫోన్‌లో తప్ప చూడలేదు. ఇవన్నీ నాకు తెలుసు. తెలుసు గనకే ఆ అబద్ధం ఎంచుకున్నాను.

ఆయన్ని పిల్లల ముందుకు పిలిచి, ఏదో కాగితం చూపిస్తూ, "భాయ్, మీ ఎగ్జిట్ రీఎంట్రీ వీసా వచ్చేసింది. ఇక ఊరికి వెళ్లొచ్చు," అన్నాను.

ఆయన చేతిలో జిగురు డబ్బా నెమ్మదిగా కింద పెట్టాడు. పెదవులు వణికాయి.

"నాదేనా సార్?"

నేను నోరు తెరిచేలోపే ఫోన్ తీసి భార్యకు చెప్పేశాడు. "వస్తాండా. తాత వస్తాండాడని పాపకు చెప్పు."

పిల్లలు ఆపుకోలేక పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. "నాటకం కోసం భాయ్, ఊరికే," అన్నాను.

ఆయన నా వంక చూసి, అక్కడే నిలబడి మళ్లీ ఫోన్ చేశాడు. "లేదంట. పిల్లోళ్లు ఆట పట్టించినారు. ఏడవాకు."

పిల్లోళ్లు అన్నాడు. నా పేరు ఎత్తలేదు.

వార్షికోత్సవం నాడు ఆ కుర్రాడు అచ్చం అలాగే చేశాడు. చేతిలోది కింద పెట్టడం, పెదవుల వణుకు, "నాదేనా?" అనడం. హాలు దద్దరిల్లింది. తెరతాడు పట్టుకుని పక్కనే నిలబడ్డ ఆయన తన ముఖాన్ని తాను గుర్తుపట్టాడు. తల వంచుకున్నాడు. ప్రిన్సిపాల్ నా భుజం తట్టి మెచ్చుకున్నారు.

మర్నాడు స్టోరు గదికి వెళ్లి, "తప్పయిపోయింది భాయ్, క్షమించండి," అన్నాను.

"ఈడ ఎవురుండారు సార్ వినేదానికి? నవ్వినోళ్ల ముందర చెప్పండి."

"సరే, రేపు క్లాసులో చెప్తాను."

ఆ రేపు పరీక్షల సంగతి మాట్లాడాను. ఆ పై రోజు పాఠం మొదలుపెట్టాను. హాజరు పుస్తకం కోసం వచ్చిన ఆయన ఆ రెండు రోజులూ తలుపు దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడ్డాడు. మూడో రోజు పుస్తకం తీసుకుని వెంటనే వెళ్లిపోయాడు.

కొన్ని నెలలకు ఆయనకు నిజంగానే సెలవొచ్చింది. స్టాఫ్‌రూంలో అందరికీ ఖర్జూరాలు పంచాడు. నా బల్ల మీదా ఒకటి పెట్టాడు. ఆ పిల్లలు అప్పటికి పాసై వెళ్లిపోయారు. "సంతోషం భాయ్," అని మాత్రం అన్నాను.