బోరంచ పటేల్ ఇంట్లో నడిమి బొమ్మలు

కరోనా పోయి దుకాణాలన్నీ మళ్ళీ పూర్తిగా తెరిచిన ఏడాది, దసరాకు కొంచెం ముందు, నారాయణఖేడ్‌లో ఖలీల్ సేటు టీవీల దుకాణంలో నన్ను ఊడ్చే పని నుంచి చూపెట్టే పనికి మార్చిన్రు. ఆర్డరు కాయితం లాంటిదేం లేదు. రేపటి నుంచి కౌంటర్ల కూసో అని సేటు అన్నడు, నేను కూసున్న. అప్పటికే నా మనవలు బడికి పోతున్నరు.

మా దుకాణంలో హోదాలు ఇట్లుండేవి. అందరికంటె పైన సేటు. ఆయన కింద ఫిట్టింగ్ చేసే జావీద్. గోడకు టీవీ బిగించుడు, డిష్ తిప్పుడు, రిపేరు అన్నీ అతనివే. తర్వాత చూపెట్టే మనిషి, అంటే గిరాకీ ముందర టీవీ పెట్టి, దాని గుణాలు చెప్పి ఒప్పించే మనిషి. అందరికంటె అడుగున ఊడ్చేటోళ్ళు. నేను మూడో తరగతిలో బడి మానేసినదాన్ని. అయినా నన్ను పైకి ఎందుకు తెచ్చిన్రంటే, ఆ దినాల్లో ఆడోళ్ళు ఒక్కళ్ళే దుకాణానికి వచ్చుడు మొదలైంది. మొగోళ్ళను అడగడానికి సంకోచపడేటోళ్ళు నన్ను అడిగేవాళ్ళు. ఇంకొకటి, నేను ధర తగ్గించను. సేటుకు నాలో నచ్చింది అదొక్కటే అనుకుంట.

చూపెట్టుడుకు ఒక పద్ధతి ఉన్నది. దుకాణంలో టీవీని దుకాణం మోడ్‌లో పెడ్తం. అప్పుడు వెలుగు ఎక్కువుంటది, రంగులు కొట్టొచ్చినట్టుంటయి. అందులో కంపెనీ ఇచ్చిన వీడియో తిరుగుతుంటది: చేపలు, పూలు, ఉరికే గుర్రాలు. ఎవరూ మాట్లాడరు, ఎవరూ ఏడ్వరు. గిరాకీ కొద్దిసేపు చూసి నోరు తెరుస్తడు. నోరు తెరిచినప్పుడే హెర్ట్జ్ సంగతి చెప్పాలె.

హెర్ట్జ్ అంటే తెర సెకనుకు ఎన్నిమాట్ల బొమ్మను మార్చి మళ్ళా పెడ్తదో ఆ లెక్క. మామూలు టీవీ అరవై మాట్లు మారుస్తది, ఖరీదుది నూట ఇరవై మాట్లు. కానీ సినిమావాళ్ళు సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలే తీస్తరు. మరి మిగిలినయి ఎక్కడినుంచి వస్తయి? కొన్ని టీవీల్లో అవి టీవీయే తయారు చేసుకుంటది. ఒక బొమ్మలో చెయ్యి కింద ఉండి, తర్వాతి బొమ్మలో మీద ఉంటే, నడుమ ఆ చెయ్యి ఎక్కడ ఉండాల్నో అంచనా కట్టి గీసుకుంటది. వీటిని నేను నడిమి బొమ్మలు అనేదాన్ని. అవి కలిస్తే ఉరికే గుర్రం అదరకుండ, బెదరకుండ, నూనె పోసినట్టు పోతది. కంపెనీ పెట్టెలో నుంచి తీసినప్పటి నుంచే ఇది నడుస్తనే ఉంటది. ఆపాలంటే మనమే పోయి ఆపాలె.

నేను ఇదంతా గిరాకీకి ఒక్క మాటలో చెప్పేదాన్ని. "ఇది కొసరు." కూరగాయలామె తూకం వేసినంక గుప్పెడు కొత్తిమీర పైన పెడ్తది చూడు, అట్లనే. సినిమావాడు ఇచ్చింది ఇరవై నాలుగు, మిగిలిందంతా టీవీ తన తరఫున కలిపింది. కొసరు వద్దనే మనిషిని నేను అప్పటిదాక చూడలే.

బోరంచ ఊరి సంగప్ప పటేల్ ఆ కొసరు మాట వినే మా దుకాణంలోకెల్ల పెద్ద టీవీ కొన్నడు. ఆయన కంది, పత్తి పండించే రైతు, భూమి బాగనే ఉన్నది, మాట గట్టిది. శుక్రవారం జావీద్ పోయి గోడకు బిగించి వచ్చిండు. సోమవారం పొద్దున్నే, నేను దుకాణం తెరవంగనే పటేల్ గడపలో నిలబడ్డడు. టీవీ డూప్లికేట్ అన్నడు. రాజుల సినిమా పెడితే పెండ్లి క్యాసెట్ కనబడుతుందన్నడు. రేపు పత్తి బండిలో వేసి వాపసు పంపుత అన్నడు.

ఇక్కడ మా దందాలో ఒక నియమం చెప్పాలె. సీల్ విప్పిన టీవీని కంపెనీ తిరిగి తీసుకోదు, చెడిపోతే బాగు చేస్తదంతే. ఈ టీవీ చెడిపోలే. వాపసు వచ్చిందంటే అది మా గోడకే వేలాడుతది. సేటు పటేల్‌ను గడప దాక సాగనంపిండు. ఆయన పోయినంక నా దిక్కు తిరిగి నిమ్మళంగ చెప్పిండు: "నువ్వే అమ్మినవు, నువ్వే పోయి చూడు. టీవీ వచ్చిందనుకో, కౌంటర్ల వేరే మనిషిని పెడ్త. నువ్వు మళ్ళా ఊడ్చుడే." కోపంతోని అంటే కొట్లాడేదాన్ని. ఆయన లెక్క చెప్పినట్టు చెప్పిండు. ఆ వయసులో కుర్చీ నుంచి లేచి, అదే గిరాకీల కాళ్ళ దగ్గర వంగి ఊడ్వాలంటే నాకు ప్రాణం ఒప్పలే.

జావీద్ ఆ రోజు కంగ్టిలో ఒక స్కూల్లో టీవీలు బిగిస్తున్నడు. నేనొక్కదాన్నే బోరంచ ఆటో ఎక్కిన. నల్లపోచమ్మకు మొక్కు తీర్చేవాళ్ళ నడుమ, ఒక మేకపిల్ల నా చీర కొంగు నములుతుంటే కూసున్న. కళ్ళద్దాలు దుకాణంలోనే పెట్టి వచ్చిన. ఆటోలో కుదుపుకు గీతలు పడుతయని. ఆ సంగతి తర్వాత తెలుస్తది.

పటేల్ ఇంట్లో ముగ్గురున్నరు: పటేల్, ఆయన భార్య శాంతమ్మ, కోడలు అశ్విని. కోడలిది బీదర్ దిక్కు. మామ ఎదురుగ కూసోదు, తలుపు పక్కన నిలబడి పప్పు ఏరుకుంటున్నది. పటేల్ ఆ రాజుల సినిమానే పెట్టిండు.

ఉన్నది ఉన్నట్టు చెప్త. పటేల్ అన్నది నిజమే. దుకాణంలో మేము ఎన్నడూ సినిమా మొత్తం పెట్టి చూసింది లేదు, చేపలే చూసినం. రాజు సింహాసనం మీద కూసున్నడు కాని రాజు లెక్క లేడు, మా గల్లీలో నాటకం వేసేటోడు లెక్కున్నడు. కిరీటం అట్టదని తెలుస్తున్నది. యుద్ధంలో కత్తి దూస్తే, ఎవరో పక్కింటాయన మన వాకిట్లో కట్టె తిప్పుతున్నట్టున్నది. అంత నున్నగ, అంత దగ్గరగ. అయినా నేను తగ్గలే. ఇందుల ఖరాబు ఏం లేదు, బొమ్మలు ఎక్కువ ఉన్నందుకే ఇట్ల కనబడుతున్నదని, కొసరు సంగతి మళ్ళా మొదటి నుంచి చెప్పిన.

పటేల్ అంతా విన్నడు. "చంద్రమ్మా, పాలల్ల నీళ్ళు కలిపినోడు కూడ గదే అంటడు, నీకు ఎక్కువ పోసిన అని. సినిమావాడు తియ్యని బొమ్మను నాకు చూపుడేంది? ఇది కొసరు కాదు, కల్తీ."

జవాబు లేనప్పుడు మాట్లాడొద్దని దుకాణంలో నేర్చుకున్న, కాని ఆ రోజు మాట్లాడిన. పైసలిచ్చి కొన్నది వాడకుండ ఆపుకుంటరా, నూట ఇరవైకి కొని ఇరవై నాలుగే చూస్తే మిగిలింది నేలపాలు కాదా అని చానసేపు వాదించిన. పటేల్ లేచి పెన్‌డ్రైవ్ పెట్టి, కొడుకు పెండ్లి వీడియో నడిపిచ్చిండు. తర్వాత మళ్ళా సినిమా, మళ్ళా పెండ్లి. రెండూ ఒక్క తీరుగనే ఉన్నయి.

"ఇప్పుడు నువ్వే చెప్పు. ఇందుల సినిమా ఏది, నా కొడుకు పెండ్లి ఏది?"

"పెండ్లిల ఖర్చు ఎక్కువ కనబడుతున్నది, పటేలా."

శాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. పటేల్ నవ్వలే. నాకు కౌంటర్ కుర్చీ కళ్ళ ముందర తిరిగింది. నడిమి బొమ్మలు ఆపుడే దారి అనుకున్న. ఇష్టం లేకనే రిమోటు అడిగిన.

జావీద్‌కు ఫోన్ చేస్తే అతను నిచ్చెన మీద ఉండి చెప్పిండు: సెట్టింగుల్లో బొమ్మ అనే భాగం, అందులో కదలికకు సంబంధించింది, దాన్ని ఆపాలె. టీవీలో అంతా ఇంగ్లీషే. నాకు ఇంగ్లీషు రాదు, పటేల్‌కు రాదు. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. ముందుగాల భాష మార్చి తెలుగు చేసుకుంటే అన్నీ కూడబలుక్కొని చదువుకోవచ్చు కద. భాషలకాడికి ఎట్ల పోవాల్నో నాకు తెలుసు, గిరాకీలకు చూపెట్టేదాన్ని. అక్కడ ఏ భాష పేరు ఆ భాష అక్షరాల్లోనే రాసి ఉంటది. అద్దాలు లేవు. గుండ్రటి అక్షరాలు కనబడ్డయి, మనయే అనుకొని ఒత్తిన.

తెర మొత్తం మారింది. అక్షరాలు మన వాటి లెక్కనే ఉన్నయి, కాని ఒక్క మాట కూడ కుదురుతలేదు. దగ్గరికి పోయి చూసిన, దూరం పోయి చూసిన. నాకు చదువు పూర్తిగా పోయిందేమో అనుకున్న.

పటేల్ చాన శాంతంగ అడిగిండు: "ఏమైంది, నా టీవీని ఏ రాష్ట్రం పంపినవు?"

తలుపు దగ్గర నుంచి కోడలు పప్పు చాట కింద పెట్టింది. "అవ్వా, అది కన్నడ. ఇటు ఇయ్యి."

రిమోటు తీసుకొని మామకు ఎదురుగ, నేల మీద కాదు, సోఫా అంచున కూసున్నది. ఆ పిల్ల పదో తరగతి దాక కన్నడలోనే చదివిందట. నిమ్మళంగ ఒక్కొక్కటే పైకి చదువుకుంట పోయింది. ఇది వెలుగు, ఇది రంగు, ఇది చప్పుడు అని నాకు తెలుగులో చెప్పింది. కదలిక దగ్గర ఆగింది. దాంట్ల ఎక్కువ, తక్కువ, బంద్ అని మూడు ఉన్నయి. ఏది పెట్టాలె మామా అని అడిగింది. పటేల్‌ను ఆ ఇంట్లో అట్ల అడిగినోళ్ళు తక్కువ ఉన్నట్టున్నది, కొంచెం తడబడి, బంద్ అన్నడు.

సినిమా మళ్ళా మొదలైంది. రాజు రాజు అయిండు. కిరీటం బంగారం అయింది. కత్తి దూస్తే తెర కొంచెం వణికినట్టుంది కాని ఆ వణుకులోనే కోపం ఉన్నది. నాకు మంచిగనిపించింది. పైకి అనలే, అంటే నేనే నా మాట కొట్టేసుకున్నట్టయితది.

పటేల్ మాత్రం ఒప్పుకోలే. మొత్తం సినిమా చూసినంకనే సంగతి చెప్త అన్నడు. శాంతమ్మ జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. తిన్నం. పటేల్ దిండుకు ఆనుకొని, చేతులు కట్టుకొని, తప్పు పట్టేటందుకే చూస్తున్నడు. ఇంటర్వెల్ రాకముందే ఆయన గడ్డం ఛాతీ మీద వాలింది. మరి కొద్దిసేపటికి గురక.

నాకు పరేషాన్ అయింది. చివరి ఆటో పోతే ఊర్లోనే ఉండాలె. ఆయన నోటితోని సరే అనకపోతే సేటుకు ఏం చెప్పాలె? లేపుదామని లేచిన. శాంతమ్మ నా చెయ్యి పట్టుకొని కూసోబెట్టింది.

"వదినె, ఆయన్ను లేపినవంటే టీవీ నేనే వాపసు పంపుత."

అప్పుడు అసలు సంగతి చెప్పింది. పటేల్‌కు పగటి అన్నం తిని, సినిమా పెట్టుకొని, దాని ముందర నిద్రపోవుడు అలవాటు. పాత డబ్బా టీవీ ఉన్నన్ని ఏండ్లు అట్లనే పన్నడు. ఈ కొత్త టీవీ వచ్చినప్పటి నుంచి కన్ను మూయలే. ఎవరో నిజం మనుషులు ఇంట్ల చొచ్చి కొట్లాడుతున్నట్టు ఉలిక్కిపడి లేచుడు, నిద్ర లేక అందరి మీద అరుచుడు. కోడలు వండిన పప్పుల ఉప్పు ఎక్కువైందని, ఎద్దు సరిగ నడుస్తలేదని. టీవీ డూప్లికేట్ అన్నది కూడ గా కోపంలనే అన్నదట.

ఇగ నేను కదలలే. ఎన్నో ఏండ్ల తర్వాత ఒక సినిమా మొత్తం చూసిన. పైసా ఖర్చు లేకుండ చూసిన కాబట్టి మనసుకు బాధ కాలే. అయిపోయే ముందర పటేల్ లేచి కండ్లు తుడుచుకొని, రాజు తమ్ముడు ఏమైండని అడిగిండు. చచ్చిపోయిండని చెప్పిన. మంచిగైంది అన్నడు. వాపసు మాట ఎత్తలే. శాంతమ్మ నా సంచిలో కందిపప్పు పోసి, ఆటో దాక కోడలిని తోడు పంపింది. భాష మార్చి తెలుగు పెట్టాల్నా అని దారిలో కోడలిని అడిగితే, ఉండనియ్యి అవ్వా అన్నది. ఇప్పటికీ ఆ టీవీ కన్నడలోనే ఉన్నదట. తెర వెలుగు తగ్గించాలన్నా, ఛానల్ సెట్ చేయాలన్నా పటేల్ కోడలినే పిలువాలె. ఆ పిల్ల సోఫాలో కూసొనే చేస్తదట.

దుకాణానికి వచ్చి సేటుకు జరిగింది చెప్పిన. ఆయన మొత్తం విని, అయితే తెల్లారి జల్ది రా, పండుగ గిరాకీ మొదలైతది అన్నడు. నేను కౌంటర్‌లో ఇంకా కొన్నేండ్లు చేసి, మోకాళ్ళు మొరాయించినంక మానేసిన. నడిమి బొమ్మలు బంద్ పెడితే కరెంటు ఏమన్న మిగులుతదేమోనని శాంతమ్మను తర్వాత అడిగిన. బిల్లు ఎప్పటిలెక్కనే వచ్చిందన్నది. కొన్నదాన్ని వాడకుండ ఆపుకొనుడు ఇప్పటికీ నాకు గిట్టదు. కాని టీవీ నాది కాదు.

ఆ దినం నుంచి నా పద్ధతి మార్చుకున్న. గిరాకీ రాంగనే హెర్ట్జ్ చెప్పుడు మానేసిన. క్రికెట్ ఎక్కువ చూసే ఇల్లయితే నడిమి బొమ్మలు ఉంచి పంపేదాన్ని, సినిమాల ఇల్లయితే బంద్ చేయమని జావీద్‌కు ముందే చెప్పేదాన్ని. అది తెలియాలంటే మొదట మూడు ప్రశ్నలు అడగాలె: ఇంట్ల ఎవరెవరు చూస్తరు, ఏం చూస్తరు, చూసుకుంట ఎవరు నిద్రపోతరు. మూడోది అడిగితే గిరాకీలు నవ్వేవాళ్ళు. జవాబు మాత్రం అందరూ చెప్పేవాళ్ళు. అది విన్నంకనే పెట్టె సీల్ విప్పించేదాన్ని.