ఫోనక్క పంచిన కంప్లయింట్లు

ఆ లిఫ్టుల కంపెనీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఫోనక్కే. పదహారేళ్లుగా మూడో అంతస్తులో కిటికీ పక్క బల్ల ఆమెది. ఎక్కడ ఏ లిఫ్టు మొరాయించినా ముందు తిట్లు తినేది ఆమె. తిట్లయ్యాక అడ్రసు రాసుకుని, పన్నెండు మంది మెకానిక్కుల్లో ఎవరు వెళ్లాలో తేల్చి చీటీ రాసిస్తుంది. తలుపు మూసుకోవడం లేదంటే దుమ్ము, అంతస్తుకు జానెడు కిందికి వెళ్లి ఆగుతోందంటే బ్రేకు. ఇంజనీరింగు గడప తొక్కలేదు గానీ ఈ మాత్రం చదువు ఆ ఫోనే ఆమెకు చెప్పింది.

మోకాళ్లు అరిగిపోయి కంపెనీ యజమాని పెద్దసారు ఇంటిపట్టునే ఉండిపోయాక, ఆ కుర్చీలోకి కొడుకు వచ్చాడు. చిన్నసారు ఐదేళ్లపాటు వీడియో గేముల పోటీలు ఆడాడు. ఆయన జట్టు ఒకసారి పెద్ద టోర్నమెంటులో రెండో స్థానం దాకా వెళ్లింది. అందుకు ఆయన్ని ఏవగించుకునేంత చిన్న మనసు కాదు ఫోనక్కది. ఆమె కూతురూ అవే ఆటలు ఆడుతుంది. ఆమెకు రోత పుట్టించింది, వచ్చిన మొదటి వారంలోనే ఆయన పెట్టిన మీటింగు.

వ్యాపారం కూడా ఒక మ్యాచే అన్నాడు. పక్క కంపెనీలు ఎదుటి జట్లు, వేగం ఉన్నవాడిదే గెలుపు, జట్టుకు బరువైనవాణ్ణి మోసుకు తిరిగే జట్టు ఎప్పుడూ కప్పు ఎత్తలేదు అన్నాడు. గోడకు పెద్ద తెర ఒకటి తగిలించాడు. కంప్లయింటు ఒకటి మూసేస్తే ఒక పాయింటు. పైనున్నవాడి పేరు పక్కన కిరీటం బొమ్మ. నెలాఖరుకు అట్టడుగున ఎవరుంటే వాళ్లు ఇంటికి. ఇందులో ఎవరి మీదా పగ లేదనీ, ఆటంటే ఇంతేననీ నవ్వుతూ చెప్పాడు. మెకానిక్కులు చప్పట్లు కొట్టారు. తలలు నెరుస్తున్న మగాళ్లు బొమ్మ కిరీటం కోసం ఒకళ్లనొకళ్లు ఓరగా చూసుకుంటుంటే ఫోనక్క ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

పది రోజుల్లో అందరికీ కిటుకు అబ్బింది. లిఫ్టు కరెంటు పెట్టెలో స్విచ్ ఆపి, పది అంకెలు లెక్కపెట్టి మళ్లీ వేస్తే చాలు, ఎర్ర లైటు ఆరిపోతుంది. లిఫ్టు నడుస్తుంది. మమ అనిపించి వచ్చేస్తారు, ఒక పాయింటు. రెండు రోజులకు అదే లిఫ్టు మళ్లీ ఆగుతుంది, ఇంకో పాయింటు. మెరుపు అని పిలుచుకునే కుర్ర మెకానిక్ ఒక్క అపార్టుమెంటు మీదే వారంలో నాలుగు పాయింట్లు పిండాడు. పూర్వం సాయంత్రానికి అందరి మోచేతుల దాకా గ్రీజు ఉండేది. ఇప్పుడు చొక్కా ఇస్త్రీ కూడా నలగడం లేదు. పొద్దున్నే ఆమె బల్ల చుట్టూ మూగి, దుమ్ము కేసులుంటే మాకివ్వక్కా అంటూ బిస్కెట్ పొట్లాలు పెట్టి పోయేవాళ్లు. ఆమె వాటిని ముట్టుకోకుండా చెత్తబుట్టలోకి తోసేసేది.

తెర అట్టడుగున ఉన్నది నిదానం బాబాయి. పని మెల్లగా చేస్తాడని ఆ పేరు పెట్టారు. వయసు యాభై ఎనిమిది, నోట్లో నాలుక లేని మనిషి. బ్రేకు విప్పాడంటే ప్రతి ముక్కా తుడిచి, చూసి, మళ్లీ బిగించి, పదిసార్లు పైకీ కిందికీ తిప్పిగానీ కదలడు. రెండు రోజుల పనికి ఒక్క పాయింటు. మెరుపుకు అరవై నాలుగుంటే ఆయనకు పదకొండు. ఆ వయసులో ఉద్యోగం ఊడితే ఇంకో కంపెనీ గుమ్మం కూడా ఎక్కనివ్వదని అందరికీ తెలుసు.

ఫోనక్క చిన్నసారు గదిలోకి వెళ్లి స్విచ్ సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయనకు కోపం రాలేదు సరికదా, ముచ్చటేసింది.

"రూల్లో సందు కనిపెట్టినవాడే అసలైన ప్లేయరు అక్కా. బాబాయిని ఎవరు వద్దన్నారు? ఆయన్నీ కనిపెట్టమను," అన్నాడు.

గోడకు చెప్పుకున్నా ఇంతకంటే మర్యాదగా ఉండేదనుకుంటూ ఆమె బయటికొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో బట్టలు మడత పెడుతూ కూతురి కంప్యూటరు వైపు చూసింది. ఆట ముగిసి స్కోర్ల పట్టిక పడింది. ఐదుగురిలో కూతురిదే ఆఖరి పేరు. ఆ పట్టిక చూడగానే ఆమెకు ఒళ్లు మండింది. నువ్వూ అడుగునేనా, వీళ్లు నిన్నెప్పుడు వెళ్లగొడతారని అడిగింది.

"నేను సపోర్టు ఆడతానమ్మా," అంది కూతురు తల తిప్పకుండానే. "మిగతా నలుగుర్నీ బతికించడమే నా పని. నాకు స్కోరెక్కడ వస్తుంది? నన్ను తీసేస్తే తర్వాతి మ్యాచ్‌లో మావాళ్లు ఐదు నిమిషాలు నిలవరు. ఆడేవాళ్లందరికీ తెలిసిందే ఇది."

మరి మా చిన్నసారుకు తెలీదా అంటే, ఆయన్నీ ఎవరో బతికించే ఉంటారు, ఆయన వెనక్కి తిరిగి చూసి ఉండడు అంది. అంతటితో ఊరుకోకుండా ఇంకో మాట అడిగింది.

"మీ దగ్గర ఎవరికి ఏ పని అని చెప్పేదెవరమ్మా?"

ఫోనక్క చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. చెప్పేది తనే. పదహారేళ్లుగా కష్టమైన చీటీ వస్తే మారు ఆలోచించకుండా బాబాయి చేతిలో పెట్టింది. మిగతావాళ్లకిస్తే సణుగుతారు, ఆయన సణగడు. అంతకు మించి కారణం లేదు. తెర వచ్చాక కూడా చెయ్యి అలవాటు మానలేదు. ఆయన్ని అట్టడుక్కి తొక్కింది చిన్నసారు ఒక్కడే కాదు. అందర్నీ అసహ్యించుకుంటూ తిరిగిన మనిషికి ఆ పూట తన చెయ్యి చూసుకుంటేనే చీదర పుట్టింది.

నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులుంది. సోమవారం పొద్దున మూడు దుమ్ము చీటీలు ఏరి బాబాయికిచ్చింది. నర్సింగ్ హోమ్ లిఫ్టు జానెడు కిందికి వెళ్లి ఆగుతోందని ఫోనొస్తే ఆ చీటీ మెరుపుకిచ్చింది. మెరుపు అరగంటలో మూసేశాడు. బాబాయి ఒక దుమ్ము కేసు చూసుకుని తిరిగొచ్చి ఆమె బల్ల ముందు నిలబడ్డాడు.

"నర్సింగ్ హోమ్ కేసు ఎవరికిచ్చావమ్మా?"

చెప్పింది. ఆయన మిగిలిన రెండు చీటీలూ బల్ల మీద పెట్టాడు.

"అందులో పేషంట్లని స్ట్రెచర్ల మీద ఎక్కిస్తారమ్మా," అని సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ బ్రేకుతో రెండు రోజులు కుస్తీ పట్టాడు. కంప్లయింటును మెరుపు ఎప్పుడో మూసేశాడు కాబట్టి, ఆ రెండు రోజులకు తెర మీద ఆయనకు సున్నా వచ్చింది.

ఫోనక్క ఆ వారమంతా భోజనం వేళ పాత చీటీలు ముందేసుకుని కూర్చుంది. ఎవరు మూసిన కంప్లయింటు పదిహేను రోజుల్లోపే మళ్లీ వచ్చిందో ఒక్కొక్కటే లాగి నోటుబుక్కులో రాసింది. నెలాఖరు మీటింగులో ఎవరూ అడక్కుండానే లేచి చదివింది. మెరుపు మూసి మళ్లీ వచ్చినవి ముప్ఫై ఒకటి. మిగతావాళ్లవి కూడా పేరుపేరునా చదివింది. చివర బాబాయి పేరు చదివి, ఒక్కటీ లేదు అంది. కష్టమైనవన్నీ ఏరి ఏరి ఆయన నెత్తిన పెట్టింది తనేననీ, ఆ అడుగు స్థానం తన చేతి చలవేననీ అందరి ముందూ ఒప్పుకుంది.

మెకానిక్కులు తలలు దించుకున్నారు. చిన్నసారు కళ్లు మాత్రం మెరిశాయి.

"సూపర్ అక్కా. వచ్చే నెల నుంచి తిరిగొచ్చిన ప్రతి కేసుకీ రెండు పాయింట్లు కోత. ఈ నెల బెస్ట్ ప్లేయరు మన ఫోనక్క."

అక్కడికక్కడే ఫోనులో ఏదో నొక్కాడు. తెర మీద అన్ని పేర్లకూ పైన ఆమె పేరు కిరీటంతో సహా వచ్చి కూర్చుంది. మరి బాబాయి సంగతేమిటని ఆమె అడిగింది. మ్యాచ్ మధ్యలో రూల్సు మార్చకూడదు, ఈ నెలకు పాత రూలే అన్నాడు. చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టినవాడు మెరుపు. ముఖాన ఎవరో ఊసినట్టు నిలబడింది ఫోనక్క.

బాబాయి గుర్తింపు కార్డు, పనిముట్ల అలమర తాళం బల్ల మీద పెట్టాడు. పోతూ పోతూ తెర ముందు ఆగి, కళ్లజోడు సవరించుకుని చదివాడు.

"నీ పేరు పైకొచ్చిందమ్మా. మంచిదే."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే సంతోషించాడు. ఆమెకు తల తీసేసినట్టయింది.

ఆయన మెట్లు దిగుతుండగానే బల్ల మీద ఫోన్ మోగింది. నర్సింగ్ హోమ్ వాళ్లు. పెద్దాయన చేసి వెళ్లిన లిఫ్టు బ్రహ్మాండంగా నడుస్తోందట, దాని పక్కది కూడా ఇప్పుడు కిందికి జారుతోందట, ఆయన్నే పంపాలట.

"ఆయన ఇక్కడ మానేశారండీ. ఇకనుంచి సొంతంగా చేస్తారు. నంబరు చెప్తాను, రాసుకోండి," అంది.

ఒక్కో అంకె గదంతా వినబడేలా రెండుసార్లు చెప్పింది. అందరూ తలలు తిప్పారు. చిన్నసారు ఇటు తిరిగి, ఏం చేస్తున్నావక్కా అన్నాడు. ఫోనక్క ఫోన్ పెట్టేసి, పదహారేళ్ల కస్టమర్ల రిజిస్టరు ముందుకు లాక్కుని, మొదటి పేజీలో మొదటి నంబరు నొక్కింది.