అమ్మకుండ దాచిన గడియారం

నెలకోసారి దుకాండ్ల పొంటి తిరిగి రేట్లు అడుగుడు నా కొలువు. ధరలు ఎంత పెరుగుతున్నయో సర్కారు లెక్క గడ్తది గదా, గా లెక్కకు కరీంనగర్‌ల కొన్ని దుకాండ్ల రేట్లు తెచ్చేదాన్ని నేను. నా వంతుకు నగలు, గడియారాలు వచ్చినయ్. ఇన్నేండ్లు బంగారం రేటు అడిగినా నా ఒంటి మీదికి గురిజెత్తు ఎక్కలే, అది వేరే ముచ్చట.

ఈ పనికి ఒక్కటే కట్టుబాటు. ఒకసారి రాసుకున్నంక దుకాణం మారొద్దు, వస్తువు మారొద్దు. ప్రతి నెలా గదే దుకాణం, గదే వస్తువు.

బంగారం దుకాణపాయన మొఖం ఎత్తకుండనే రేటు చెప్పేటోడు. టవర్ సర్కిల్ ఎనుక సందుల గడియారాలు అమ్మే చాచా అట్ల కాదు. "ఆవో బేటీ, కూసో" అని స్టూలు జరిపి, చాయ్ తెప్పిచ్చి, నేను అడిగే ఆడోళ్ల గడియారాన్ని అద్దాల అల్మారీలకెల్లి తీసి నా చేతిల పెట్టేటోడు. బంగారు రంగు గొలుసు, చిన్న తెల్ల డయలు. ఎంత చాచా అంటే పోయిన నెల చెప్పిందే చెప్పేటోడు. సర్కారు పని మీద వస్తున్నని మొదట్లనే చెప్పిన. "హా హా, మాలూమ్" అన్నడు. రాసుకొని, "సరే చాచా, మల్లొస్త" అని లేచేదాన్ని.

ఇట్ల నడుస్తుంటే, మా రేట్లన్నీ తనిఖీ చేసే సారు ఒకనాడు పిలిచిండు. నా కాంట్రాక్టు గా నెలనే తీరుతుండె. పొడిగిచ్చుడు, తీసేసుడు ఆయన చేతిలనే ఉన్నది. మా బాపు మగ్గం పని ఇడిసిపెట్టినంక ఇల్లు నడిచేది నా జీతంతోనే.

"బంగారం గట్ల మీదికి పోతున్నది. పక్క దుకాండ్ల గడియారాలు పిరమైతున్నయ్. నువ్వు తెచ్చే గడియారం రేటు ఒక్కటి జర గూడ కదలదేందమ్మా? ఇంట్ల కూసోని రాస్తున్నవా?" అన్నడు.

నాకు ఒళ్లు మండింది. ఎండలవడి తిరిగి తిరిగి చెప్పులు అరిగిపాయె, ఈయన ముచ్చట చూడుండ్రి! "రేపు మీరే వచ్చి అడుగుండ్రి సార్" అని తెగేసి చెప్పిన.

వచ్చిండు. నన్ను బయట నిలవెట్టి, కొనేటోని లెక్క తానొక్కడే లోపటికి పోయి, గదే గడియారం రేటు అడిగిండు. చాచా చెప్పింది బయట నాక్కూడ ఇనవడ్డది. నేను రాసినదానికంటే చానా ఎక్కువ. సారు ఎనుకకు తిరిగి నా దిక్కు చూసిండు. అయిపాయె, కొలువు పాయె, పైకెల్లి దొంగపేరు గూడ వచ్చె అనుకున్న.

ఉర్కినట్టే లోపటికి పోయిన. "చాచా! నాకు నెలనెలా చెప్పింది గీ రేటు కాదు గదా! నాకెందుకు తక్కువ చెప్పినవ్?"

"ఆయన వేరే, నువ్వు వేరే బేటీ" అన్నడు చాచా. సారు దిక్కు జర అనుమానంగ చూసి గొంతు తగ్గిచ్చిండు. "నెలనెలా వస్తవ్. చేతిల వట్టుకొని చూస్తవ్. ఎంత అంటవ్, మల్లొస్త అని పోతవ్. కొనాలని ఉంది, పైసలు సరిపోతలేవనుకున్న. కంపెనీవోడు రేటు పెంచుకుంటనే ఉన్నడు. గా మాట నీకు చెప్పబుద్ధి కాలే. వేరేటోళ్లకు రేటు చెప్పిన గని, గీ గడియారం ఎవ్వలకు అమ్మలే."

"సర్కారు పని అని చెప్పిన గదా చాచా!"

"పైసలు లేవని చెప్పలేక అందరూ ఏదో ఒకటి చెప్తరు బిడ్డా. నిన్ను నేనెట్ల సిగ్గువడనిస్త?"

సారు కడుపు వట్టుకొని నవ్విండు. "నేనే నిన్ను తప్పువట్టిన, పో అమ్మా. అసలు రేటు రాసుకో, పాత నెలలవి సరిచేద్దాం. కాంట్రాక్టు గురించి పరేషాన్ గాకు" అన్నడు. నెత్తి మీది బరువు దించినట్టయింది నాకు. గా స్టూలు మీదనే కూలవడి, నవ్వుకుంటనే ఏడ్సిన. చాచా మల్ల చాయ్ తెప్పిచ్చిండు.

ఇగ ఉన్న రేటే చెప్పాలెనని చాచాతోని ఒట్టు వెట్టిచ్చుకున్న. గా తర్వాత నెల పోతే, గడియారం నా చేతిల పెట్టి, పెరిగిన రేటు మెల్లగ చెప్పిండు. చెప్పి నా మొఖం దిక్కు చూడలే.

"సరే చాచా, మల్లొస్త" అన్న.

"రా బేటీ" అన్నడు, గడియారాన్ని ఎనుక అరల దాసుకుంట. "ఫికర్ చెయ్యకు. ఎవ్వలకియ్య."